మంద కోసం నిలబడినవాడు

ధ్యాన భాగం: యోహాను 10:11–18, 1 యోహాను 3:16–18

కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియంలో వీరగల్లులు ఉన్నాయి. హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల పొలాల్లో, చెరువు గట్ల దగ్గర, ఊరి పొలిమేరల్లో ఇలాంటి రాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. తమిళంలో వీటిని నడుగల్ అంటారు. రాతి మీద ఒక మనిషి, చేతిలో విల్లో కత్తో ఉంటుంది. కొన్నిటిలో ఒంట్లో దిగిన బాణాలు కూడా చెక్కారు, పక్కన ఆవులను చూపించారు. పరాయివాళ్లు ఊరి పశువులను తోలుకుపోతుంటే అడ్డుపడి, పోరాడి ప్రాణం విడిచినవాడి జ్ఞాపకం అది. పాడీ సేద్యమూ పశువుల మీదే నడిచిన కాలంలో మంద పోయిందంటే ఊరి బతుకు పోయినట్టే.

గ్రీకులు కూడా తమ యోధుల సమాధుల మీద రాళ్లు నిలిపారు. క్రీ.పూ. 510 ప్రాంతంలో చెక్కిన అరిస్టియాన్ ఫలకం ఏథెన్స్ మ్యూజియంలో ఉంది. కవచం తొడిగి, ఈటె పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి పేరు రాతి మీద ఉంది, చెక్కిన శిల్పి అరిస్టోక్లెస్ పేరూ ఉంది. ఎవరి కోసం పోరాడాడో మాత్రం లేదు. మన వీరగల్లు శాసనాలు చాలావాటిలో ఆ సంగతే ముఖ్యం: మంద పట్టుబడితే విడిపించి ఇతను పడ్డాడు.

ఆ రాయి నిలపడానికి చేయవలసిన ఆరు పనులను ప్రాచీన తమిళ గ్రంథం తొల్కాప్పియం వరుసగా చెబుతుంది. రాయిని వెతకాలి, తేవాలి, నీళ్లతో కడగాలి, నాటాలి, సమర్పణలు పెట్టాలి, కొనియాడాలి. ఈ శ్రమంతా పడినవాళ్లు అతని వల్ల బతికి మిగిలినవాళ్లు. అయినా మందల మీద దాడులు ఆగలేదు. మళ్లీ పశువులు పట్టుబడిన రోజున ఆ రాయి లేచి రాలేదు. ఊళ్లో ఇంకొకడు బయలుదేరవలసి వచ్చింది.

మన ప్రభువు తనను కాపరిగా చెప్పుకున్నప్పుడు ఇలాంటి అపాయాన్నే గుర్తుచేశాడు. తోడేలు మీద పడితే కూలికి కాసేవాడు పరుగెత్తుతాడు, మంద తనదనుకున్నవాడు కదలడు. ఆయన ఎవరి మీదా కత్తి దూయలేదు. ఎవరూ బలవంతం చేయకుండా, తనంతట తానే ప్రాణం అప్పగించాడు, తిరిగి తీసుకున్నాడు. ఆయన సమాధికి అడ్డం పెట్టిన రాయి పక్కకు తొలగిపోయింది. చనిపోయిన వీరుణ్ణి తలచుకున్నట్టు ఆయన్ను తలచుకుంటే చాలదు. బతికున్న కాపరి వెంట నడవాలి.

ఆ నడక ఎటు సాగాలో యోహాను తన పత్రికలో చెప్పాడు. ఆయన మన కోసం ప్రాణమిచ్చాడు కాబట్టి మనమూ ఒకరికొకరం అలాగే ఉండాలని చెప్పి, ఆ వెంటనే అవసరంలో ఉన్న సహోదరుడి దగ్గరికి, మన చేతిలో ఉన్న సొమ్ము దగ్గరికి వస్తాడు. మనలో చాలామందికి బాణాలకు ఎదురు నిలిచే రోజు రాకపోవచ్చు. కానీ హోసూరు ఫ్యాక్టరీలో తోటి పనివాడికి అన్యాయం జరుగుతున్నప్పుడు నోరు విప్పవలసిన రోజు వస్తుంది. అప్పులవాడు పక్కింటి గుమ్మంలో నిలబడిన రోజు వస్తుంది. దిక్కులేని ముసలమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక పూట కూలి వదులుకోవలసిన రోజు వస్తుంది. ఆ రోజున తప్పుకుపోకుండా నిలబడడమే మన కాపరికి మనం చేసే స్తుతి.

నేటి తీర్మానం: నాకు నష్టమైనా సరే, నా అండ అవసరమైన ఒక మనిషి పక్షాన ఈ రోజు నిలబడతాను.

ప్రార్థన: మంచి కాపరీ, నువ్వు నిలబడ్డావు కాబట్టే మేము బతికి ఉన్నాము. పెదవులతో నిన్ను కొనియాడి, పొరుగువాడి కష్టం చూసి పక్కకు తప్పుకునే మనసు మాకు రానివ్వకు. ఈ రోజు మా అవసరం ఎవరికుందో చూపించు. అక్కడ నిలబడే ధైర్యం ఇవ్వు. యేసు నామంలో, ఆమేన్.