ఊరికే

"పొద్దున్నే ఎక్కడికి?" అని మా వీధిలో ఏ స్త్రీని అడిగినా జవాబు ఒక జబ్బు పేరుతో వస్తుంది. షుగరు, థైరాయిడ్, మోకాళ్ళు, కాన్పు తర్వాత తగ్గని బరువు. "డాక్టరు నడవమన్నాడు" అన్నదే గడప దాటడానికి అనుమతి చీటీ. హైదరాబాదులో కేబీఆర్ పార్కు, సంజీవయ్య పార్కు, ఉస్మానియా క్యాంపస్ రోడ్లు తెల్లవారేసరికి ఈ చీటీ ఉన్నవాళ్ళతో నిండుతాయి. సంతోషమే. కానీ "ఊరికే, బావుంటుందని" అనే జవాబు మనకెందుకంత కష్టం?

ముంబయి గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి రాసిన 'వై లాయిటర్?' (2011) ఈ ప్రశ్ననే పట్టుకుంది. బయట కనిపించే స్త్రీ తనకేదో పని ఉందని నిరూపించుకుంటూ ఉండాలి. ఏ పనీ లేకుండా తిరగగలగడమే అసలు హక్కు అన్నది వాళ్ళ వాదన. వ్యాయామం కూడా అలాంటి ఒక రుజువేనని నాకనిపిస్తుంది. చేతులూపుతూ గబగబా నడిచే స్త్రీని ఎవరూ ఏమీ అనరు. ఆవిడే ట్యాంక్‌బండ్ మీద నీళ్ళు చూస్తూ అరగంట నిలబడితే చూపులు మొదలవుతాయి.

ఐరిస్ మరియన్ యంగ్ 1980లో 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' అనే వ్యాసం రాసింది. బంతి విసిరేటప్పుడు ఆడపిల్ల మొత్తం దేహాన్ని వాడదు, చేతిని మాత్రం కదిలిస్తుంది. చుట్టూ ఉన్న చోటు తనదనుకోదు. తన దేహాన్ని బయటినుంచి చూసుకుంటూ కదులుతుంది. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, నేర్పినది అంటుంది యంగ్. మన దగ్గరైతే నేర్పే వయసు కూడా చెప్పొచ్చు. ఒప్పులకుప్ప తిరిగిన, తొక్కుడుబిళ్ళ గెంతిన పిల్లను పెద్దమనిషి కాగానే "ఇంకా ఆ గెంతులేమిటి" అని ఆపేస్తారు. పాతికేళ్ళ తర్వాత అదే దేహాన్ని డాక్టరు గెంతమంటాడు!

అందుకే నాకు నడక కంటే గుట్టలెక్కడం ఇష్టం. ఈ నగరం దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ మీద కూర్చుంది. ఆదివారాల్లో ఐదుగురం మిత్రులం నగరం అంచున మిగిలిన గుట్టలకు పోతాం. (అవీ ఏటేటా తగ్గిపోతున్నాయి, ఆ కోపం ఇంకో వ్యాసం.) బండ ఎక్కాలంటే చేతులు కూడా వాడాలి. చున్నీ నడుముకు బిగించుకోవాలి. దిగేటప్పుడు కూర్చుని జారాలి. ఎలా కనిపిస్తున్నామో చూసుకునే తీరిక దొరకదు. ఒకసారి మాలో యాభై దాటిన ఒకామె కాలు చాపి అవతలి బండను అందుకుని, "నా కాలు ఇంత దూరం పోతుందా!" అంది. యంగ్ వ్యాసానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు.

ఇక్కడొక అభ్యంతరం ఉంది. మేం బయల్దేరే వేళకే మా వీధి ఊడ్చే స్త్రీ సగం పని ముగించి ఉంటుంది. ఆమెకు 'వ్యాయామం' అన్న మాట వెక్కిరింపులా వినబడదా? మనం ఏ స్త్రీల గడప గురించి మాట్లాడుతున్నామని దళిత స్త్రీవాదం ఎప్పుడో అడిగింది. ఆ స్త్రీలు గడప దాటి తరాలైంది, పని కోసం. ఈ అభ్యంతరాన్ని నేను సగమే ఒప్పుకుంటాను. చీపురు ఆమె భుజాన్ని ఒకే దిక్కుకు వెయ్యిసార్లు తిప్పిస్తుంది. ఆటలో ఎటు తిరగాలో తనే నిర్ణయించుకుంటుంది. ఆమె అలసట మన ఆటను తప్పు చెయ్యదు. ఆమెకు ఆట లేకపోవడమే తప్పు.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వాళ్ళలో వ్యవసాయ కూలీలున్నారు, క్వారీ కార్మికులున్నారు. పి. సాయినాథ్ వాళ్ళ గురించి రాశారు. నీళ్ళు తేవడానికి, సరుకు అమ్ముకోవడానికి సైకిలు పనికొచ్చిన మాట నిజమే. అదొక్కటే కారణమనుకుంటే వాళ్ళను మళ్ళీ పనిముట్లుగా చూడటమే. ఎదురుగాలిలో పెడలు తొక్కే సుఖం పేదవాళ్ళకు అక్కర్లేదని ఎవరన్నారు?

హైదరాబాదులో 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు ఐటీ ఉద్యోగులకు అందుబాటు. పాతబస్తీకి దూరం. వీధి ఊడ్చే ఆమెకు ట్రాక్ దగ్గరైనా చాలదు, ఇంకొకరు వంట చేసిపెట్టిన సాయంత్రం కూడా కావాలి.

ఆ లెక్క మా గుంపులోనూ తేలలేదు. ఆదివారం ఇద్దరు నాలుగింటికే లేచి ఇడ్లీలు వండిపెట్టి వస్తున్నారు. ఒకామె వండకుండానే వస్తోంది. మూడు వారాలుగా వాళ్ళింట్లో ఎవరూ ఆమెతో సరిగ్గా మాట్లాడటం లేదు.