పాత యలమార

వంటయింటి యలమార పాతఁబడినంతమాత్రమున దానిని పాఱవేయుట ధర్మమా? లోభికిని పొదుపరికిని గల భేద మిచ్చటనే తెలియును. లోభి పుచ్చిన పలకను సయితము విడువఁడు. పొదుపరి గట్టిదానిని మాత్రమే నిలుపుకొనును.

చేవగల టేకునకుఁ జెద త్వరగాఁ బట్టదు. చెక్కపొట్టును జిగురుతో నదిమి చేసిన క్రొత్తపలక తడిసినచో నుబ్బి చెడును. కావున గట్టి టేకుతలుపును సోడానీటితోఁ గడిగి, ఆఱనిచ్చి, గరుకుకాగితముతో రుద్ది, రంగో వార్నిషో వేయించి, తుప్పుపట్టిన బందులను మార్చినఁ జాలును. జిడ్డుపై వేసిన రంగు నిలువదు.

అయితే, మిగిలిన ధనము యజమాని పెట్టెలోఁ జేరినంతనే యది పొదుపు గాదు. నిత్యము వండు నిల్లాలిని మొదట నడుగవలెను: ఏ యర చేతి కందదు? ఏ మూల వెలుతురు లేదు? ఆమె శ్రమను తగ్గింపని మరమ్మతు ఎంత చౌకయైనను దుబారాయే.