బిగించానా, లేదా?

ఏ నష్టమూ జరగకపోతే తప్పును తప్పు అనవచ్చా? ఈ ప్రశ్న నాకు పుస్తకంలో కాదు, పోయిన వేసవి సెలవుల్లో మా కారు చక్రం దగ్గర ఎదురైంది.

మా కారు పాతది. బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రాల్లోంచి కీచుమని శబ్దం వచ్చేది. ప్యాడ్లు అరిగిపోతే వాటికున్న చిన్న రేకు డిస్కుకు తగిలి అలా అరుస్తుందని, మనల్ని హెచ్చరించడానికే దాన్ని పెట్టారని నాయన చెప్పినాడు. నాయన హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. అందుకే ప్యాడ్లు, డిస్కులు కొనుక్కొచ్చి ఇంటి ముందరే మార్చుదామన్నాడు. రెండు పక్కలా ఒకేసారి మార్చాలి. ఒక పక్క కొత్తవి, ఇంకో పక్క పాతవి ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపుకు లాగవచ్చు.

వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీతో బండి లేపి, జాకీని ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండ్లు కూడా పెట్టినాడు. విప్పిన కాలిపర్ బ్రేకు గొట్టం మీద వేలాడకుండా తీగతో కట్టినాడు. కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను తుడవడం నా పని. ఆ జిడ్డు ప్యాడుకు అంటితే బ్రేకు సరిగా పట్టదు.

కుడి పక్క అయ్యాక, "ఎడమ పక్క నువ్వు చెయ్యమ్మా, నేను చూస్తా" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. కాలిపర్ కూర్చునే బ్రాకెట్‌కు రెండు బోల్టులు. మొదటిది రెంచితో బిగించినాను. రెండోది చేత్తో తిప్పుతుండగా నాయనకు ఫోన్ వచ్చి లోపలికి పోయినాడు. అంతలో పక్కింటి పిల్ల పిలిస్తే నేనూ లేచినాను. తిరిగొచ్చి మిగిలిన పని ముగించినాను.

"అన్నీ బిగించినావా?" అని నాయన అడిగినాడు.

"ఆఁ" అన్నాను.

చక్రం ఎక్కించి, పెడల్ గట్టిపడే దాకా నాలుగైదు సార్లు తొక్కి, నాయన వీధిలో మెల్లగా తిప్పి చూసినాడు. బండి బాగానే ఆగింది. తెల్లారితే అందరం తిరుమలకు పోవాలి.

రాత్రి పడుకున్నాక అనుమానం మొదలైంది. రెండో బోల్టుకు రెంచి పెట్టినానా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మనసు ఎన్నో సాకులు చెప్పింది. బిగించే ఉంటావులే అంది. బండి ఆగింది కదా అంది. చెబితే నాయన మళ్లీ రెంచి ముట్టనివ్వడు అంది. మన కారు, మన పని, ఎవరికేమి అని కూడా అంది. కానీ వదులుగా ఉన్న బోల్టు మొదటి రోజే ఊడిపోదు. అదిరి అదిరి కొంచెం కొంచెంగా వస్తుంది. బ్రేకు వేస్తే బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ముందు బ్రేకులే ఎక్కువ భారం మోస్తాయి. పైగా బ్రేకు మన కోసం మాత్రమే కాదు. ఘాట్ రోడ్డులో మా ముందు పోయే బండిలో ఎవరుంటారో నాకు తెలియదు. నా బోల్టును నమ్ముతారా అని వాళ్లను ఎవరూ అడగలేదు.

ఇంకొకటి కూడా అర్థమైంది. నేను అన్న "ఆఁ" అబద్ధమో కాదో తెలియదు. కానీ తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పినాను. అది కచ్చితంగా తప్పే.

లేచి నాయనతో చెప్పినాను. ఆయన ఏమీ అనలేదు. టార్చి నా చేతికిచ్చి, మళ్లీ జాకీ పెట్టి చక్రం విప్పినాడు. టార్క్ రెంచి పెట్టి తిప్పగానే 'టక్' మంది. బోల్టు కదల్లేదు. ముందే బిగిసి ఉంది!

"దీనికా ఇంత రాత్రిలో లేపినావు?" అని అమ్మ నవ్వింది.

అయితే నేను చెప్పకపోయినా సరిపోయేదా? సరిపోయేది కాదని నా అభిప్రాయం. చెప్పకుండా ఉంటే క్షేమంగా పోయి వచ్చేవాళ్లం. కానీ అది మా అదృష్టం అయ్యేది, నా మంచితనం కాదు. పైగా తెలియకపోయినా "ఆఁ" అనవచ్చని నేర్చుకునేదాన్ని. ఏదో ఒక రోజు ఆ అలవాటు నిజంగా వదులుగా ఉన్న బోల్టు దగ్గరికి తీసుకుపోయేది. ఫలితం ముఖ్యం కాదని నేను అనడం లేదు. ఫలితం అంత ముఖ్యం కాబట్టే దాన్ని అదృష్టానికి వదిలేయకూడదు అంటున్నాను.

మరి ఇలాంటి పని మెకానిక్‌కే ఇవ్వాలా? తెలియకపోతే ఇవ్వాలి. కానీ ఆయన కూడా మనిషే, ఆయనకూ మధ్యలో ఫోన్ వస్తుంది. ఎవరు చేసినా "గుర్తు లేదు, ఇంకోసారి చూద్దాం" అనగలిగితేనే ఆ పని నమ్మదగినది.

నాయన నన్ను రెంచి ముట్టనివ్వకుండా చేయలేదు. అప్పటి నుంచి బోల్టు బిగించిన ప్రతిసారీ దాని మీద సుద్దముక్కతో ఒక గీత గీయమంటాడు. గీత లేకపోతే బిగించనట్టే.