పలక మీద మంచు

మిన్నెసోటాలోనో, బఫలోలోనో ఉన్న మన పిల్లలు చలికాలంలో ఫోన్ చేసి, "అమ్మా, రాత్రి అడుగు మంచు పడింది!" అంటుంటారు. నిజంగా అడుగేనా? కారు మీద కొలిస్తే ఒక లెక్క, గోడవార కొలిస్తే ఇంకో లెక్క. గాలి మంచును ఒకచోట ఊడ్చి మరోచోట కుప్పపోస్తుంది. గడ్డి మీద కొలిస్తే కింద ఖాళీలుండి ఎక్కువ చూపిస్తుంది.

అందుకే అక్కడ ఇంటిదగ్గర కొలిచేవాళ్లు తెల్లరంగు వేసిన చెక్కపలకను ఇంటికీ చెట్లకీ దూరంగా నేలమీద పెడతారు. తెలుపే ఎందుకంటారా? ముదురు రంగైతే ఎండకు వేడెక్కి మంచును కరిగించేస్తుంది. మంచు ఆగగానే స్కేలు నిలువుగా గుచ్చి, అంగుళంలో పదో వంతు దాకా చదివి, పలక తుడిచి మళ్లీ పెట్టాలి. ఆలస్యమైతే మంచు తన బరువుకే అణిగిపోతుంది. అలాగని గంటగంటకూ తుడిచి కొలిచి కూడినా మోసమే, లెక్క ఉబ్బిపోతుంది! రోజుకు నాలుగుసార్లు మించకూడదని నియమం.

కొలరాడోలో 1998లో మొదలైన కోకోరాజ్ అనే స్వచ్ఛంద బృందంలో వేలమంది ఇలా కొలిచి పంపుతుంటారు. మంచును కరిగించి నీళ్ల లెక్కా కడతారు. పది అంగుళాల మంచుకు అంగుళం నీరని మోటు లెక్క. పొడిమంచైతే అంత కూడా రాదు. వాన వెలిశాక మన రైతు మట్టి తవ్వి, పదును ఎంత లోతు దిగిందో చూడటం లాంటిదే ఇది.

ఈసారి ఫోన్ వస్తే అడగండి, "పలక పెట్టావా నాన్నా?" అని.