వాత్సల్యమున సమదృష్టి

తల్లికి బిడ్డలందరును సమానులే యని పెద్దలందురు. మరి, నెలలు నిండక జన్మించిన కవలలలో ఒకడు కోలుకొని యింటికి వచ్చి, రెండవవాడు ఆసుపత్రిలో అద్దాల పెట్టెయందే మిగిలినచో, ఆ తల్లి యెవరి చెంత నుండవలెను? ఇచ్చట నున్నంతసేపు అచ్చటి బిడ్డకు అన్యాయము చేయుచున్నానని ఆమె తల్లడిల్లును.

37 వారములు నిండకమునుపు కలుగు కాన్పు అకాల ప్రసవము. కవలల విషయమున నిది తరచు సంభవించును. ఒకే గర్భమున పెరిగినను ఇరువురి బలము నొకటి కాదు. ఒకనికి ఊపిరితిత్తులు పక్వము కాక ప్రాణవాయువు నందింపవలసి యుండును. వేరొకనికి పాలు చీకు శక్తి చాలక, తల్లిపాలనే సన్నని గొట్టము ద్వారా కొలిచి పట్టవలసి యుండును. వైద్యు డిరువురికి ఒకే చికిత్స చేయడు. అది పక్షపాతమగునా?

సమదృష్టి యనగా సరిసమానముగ పంచుట కాదు. ఎవరి కేది కొరతయో యెరిగి దానిని తీర్చుట. వాత్సల్యమను మాట 'వత్స' శబ్దమునుండి పుట్టినది. వత్సమనగా లేగదూడ. లేచి గంతులిడు దూడను విడిచి, లేవలేని దూడ చెంత నిలిచిన గోవును ఎవరు నిందింతురు?

1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున, పెట్టెలు చాలని ఆసుపత్రిలో, ఇట్టి శిశువులను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు హత్తుకొనజేసి వెచ్చదనము కల్పించు పద్ధతి నారంభించిరి. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థయు దీనిని సిఫారసు చేయుచున్నది. తండ్రి రొమ్మును ఇందుకు తగినదే. కనుక పని పంచుకొనవచ్చును. ప్రేమను పంచుకొననక్కర లేదు.

అమ్మమ్మ యొడిలో నిదురించు బిడ్డకు లోటు లేదు. "పసివానిని వదలి వచ్చితివా?" యని ఆ తల్లి నడుగకుండుటయే బంధువుల ప్రథమ ధర్మము.