ఉపసంహారము

విజయదశమినాటి సాయంకాలము నల్లగొండ జిల్లా హాలియాలో, నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో పెరిగిన వరి పొట్టకు వచ్చి కనుచూపుమేర పచ్చగా నిలిచియుండగా, ఊరివారు క్రొత్తబట్టలు కట్టుకొని జమ్మిచెట్టు కడకు నడచిపోయి, శమీపూజ చేసి, ఆ ఆకును 'బంగారము' అని పెద్దల చేతిలో నుంచి వారి పాదములకు మ్రొక్కి, త్రోవలో పాలపిట్ట కనబడినచో ఏడాదియంతయు శుభమే యని సంతసించి ఇండ్లకు మరలుదురు. ఆ పండుగకే ట్రాక్టరుకు, వరికోత యంత్రమునకు, రైసుమిల్లు మోటారుకు, దర్జీవాని కుట్టుమిషనుకు పసుపు కుంకుమలు పెట్టి టెంకాయ కొట్టుదురు. పోలీసు ఠాణాలలోను ఆయుధాగారములలోను తుపాకులను, పిస్తోళ్లను శుభ్రముగా తుడిచి, వస్త్రము పరచిన బల్లపై వరుసగా పేర్చి పూజింతురు. ఈ పూజను గూర్చి మాట వచ్చినపుడు ఒక యువకుడు నన్నొక ప్రశ్న అడిగెను: అగ్నిలో కాగి, సమ్మెటదెబ్బలు తిని, ఆకురాయితో రూపు దిద్దుకొన్న ఉక్కు పిస్తోలుకు చెల్లునట్టి పూజ, అచ్చులో పోసి తీసిన పాలిమరు పిస్తోలుకు చెల్లునా? నవ్వి ఊరకుండదగిన ప్రశ్న కాదది. ఆయుధముయొక్క ధర్మము దాని ద్రవ్యమునందున్నదా, దానిని పట్టిన చేతియందున్నదా యను పెద్ద విచారము ఆ చిన్న మాటలో ఇమిడియున్నది.

ముందుగా ఆ రెండు వస్తువులను ఉన్నవి యున్నట్లు చూతము. అమెరికాలో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1911 నాటి కోల్ట్ పిస్తోలు ఇంచుమించు 1,100 గ్రాముల తూకము గల ఉక్కుముద్ద. దానిలో ఏడు తూటాలు పట్టును. ఆ బ్రౌనింగే మొదలుపెట్టి పూర్తిచేయకయే మరణింపగా, బెల్జియములో ఇతరులు తీర్చిదిద్దిన 'హైపవర్' పిస్తోలు 1935 లో వెలువడెను. దానికి ప్రతిరూపముగా పశ్చిమబెంగాలులోని ఈశాపూర్ రైఫిలు ఫ్యాక్టరీలో తయారైన 9 మి.మీ. పిస్తోలే మన సైనికుల నడుములకును, పోలీసు అధికారుల నడుములకును దశాబ్దములుగా వ్రేలాడుచున్నది. అది పదుమూడు తూటాలది. పాలిమరు చట్రముగల పిస్తోలు మొట్టమొదట 1970 లో పశ్చిమజర్మనీలో పుట్టినను, దానికి ప్రపంచఖ్యాతి తెచ్చినవాడు ఆస్ట్రియా దేశస్థుడు గాస్టన్ గ్లాక్. అంతకుముందు తుపాకి చేసి యెరుగని ఆ మనుష్యుడు సైన్యమునకు కత్తులవంటివి చేసి యమ్ముచుండి, 1982 లో తన పిస్తోలును ఆస్ట్రియా సైన్యముచేత అంగీకరింపజేసెను. తూకము 625 గ్రాములకు అటునిటు, పదునేడు తూటాలు. మన జాతీయ భద్రతాదళము చేతికి కూడ అది వచ్చినది. అది లోహపరీక్షకు దొరకని ప్లాస్టిక్కు తుపాకి యని ఒకప్పుడు పుట్టిన వదంతి అసత్యము. గొట్టమును, పైన ముందువెనుకలకు జరిగెడు భాగమును ఉక్కువే, పట్టుకొనెడు చట్రము మాత్రమే పాలిమరు. ఆ చట్రములో సైతము సంఖ్య చెక్కుటకై ఒక చిన్న లోహపురేకును పొదిగియుంచిరి. కనుక ఈ రెంటిలో ప్రాణము తీయునది రెంటియందును ఉక్కే. చేతికి తగులునది మాత్రమే మారినది.

అయినను మన మనస్సు ఉక్కువైపే మొగ్గుచున్నది. దానికి మన భాషయే సాక్షి. తెలుగులో ఉక్కు అనగా లోహమే కాదు, శౌర్యము. శత్రువు ఉక్కడగించుట యనగా వాని బలగర్వముల నణచుట. ఆ మాటకు తగిన చరిత్రయు ఈ నేలకు కలదు: నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మట్టిమూసలలో కరగించిన ఉక్కును కొనుటకు పారశీకమునుండి వర్తకులు వచ్చెడివారు, దమాస్కసు ఖడ్గములని లోకము మెచ్చిన కత్తులకు ఇటువంటి ఉక్కే మూలము. మరి ప్లాస్టిక్కు అను మాటను మనము దేనికి వాడుచున్నాము? వాసనలేని పూవుకు, మనసులేని నవ్వుకు. ఇంట ఇత్తడిబిందె పోయి స్టీలుబిందె, అదియు పోయి ప్లాస్టిక్కుబిందె వచ్చినను, నోమునాడు కలశము పెట్టవలసివచ్చినపుడు ఏ ఇల్లాలును ప్లాస్టిక్కు చెంబును పీటపై నుంచదు. అటకమీది రాగిచెంబును దింపి, చింతపండుతో తోమి, ఎర్రగా మెరయునట్లు చేసి అందు నీరు నింపును. ఆ యువకుని ప్రశ్న ఈ ఆచారములోనుండి పుట్టినదే. ఆ ఆచారమును నేను గౌరవింతును. కాని దానియందలి అంతరార్థము రాగిలో నున్నదో, తోముటలో నున్నదో విచారింపవలసియున్నది.

ఉక్కుకే పావనత్వము కలదనువారు 1948 జనవరి 30 ని తలచుకొనవలెను. ఢిల్లీలోని బిర్లాభవనపు తోటలో, ప్రార్థనకు నడచిపోవుచున్న వృద్ధుని దేహమున దిగిన మూడు తూటాలు ఇటలీలో తయారైన బెరెట్టా పిస్తోలునుండి వెడలినవి. అది నిండు ఉక్కు పిస్తోలు. ఆ ఉక్కు చేతికి నీతి చెప్పలేదు, వ్రేలిని పట్టి యాపలేదు.

మన పురాణములు మాత్రము లోహమునకు ఎన్నడును పట్టము కట్టినవి కావు. ఆయుధములన్నింటిలో శ్రేష్ఠమైన వజ్రాయుధము దేనితో చేయబడినది? దధీచి మహర్షి తన ప్రాణమును విడిచి యిచ్చిన ఎముకలతో. ఎముక విరుగును, కాలును, పుచ్చిపోవును. అయినను వృత్రుని వధించుటకు అదియే కావలసివచ్చినది. దాని వెనుక నిలిచినది త్యాగము గనుక దానికి మహిమ వచ్చెనని కథ చెప్పుచున్నది. మహాభారత సౌప్తికపర్వమునందలి కథ ఇంకను తీవ్రమైనది. అశ్వత్థామ చేతికి దొరకినది గడ్డిపరక. దానినే మంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రముగా విడిచెను. అర్జునుడును తన అస్త్రమును విడిచెను. రెండును కలిసినచో లోకము దగ్ధమగునని నారదవ్యాసులు నడుమ నిలిచి, మరలించుకొనుడని ఇరువురను ఆజ్ఞాపించిరి. అర్జునుడు మరలించుకొనెను, వ్రతనిష్ఠచేత అతనికి ఆ శక్తి యుండెను. అశ్వత్థామకు విడుచుట తెలియును గాని మరలించుట చేతకాలేదు. మనుష్యులపై దీనిని ప్రయోగింపవలదని తండ్రి ద్రోణుడు చెప్పియే యిచ్చిన అస్త్రమది. తుదకు ఆ గడ్డిపరక ఉత్తర గర్భమునందలి శిశువుపై పడెను.

ఇక్కడ రెండు ఆయుధములకు భేదమేమి? అసలు భేదము ద్రవ్యమున లేదు, శక్తిలోను లేదు. ఉపసంహారము కలిగినది ఒకటి, లేనిది ఒకటి. మన శాస్త్రములు అస్త్రవిద్యను చెప్పినపుడెల్ల ప్రయోగముతోపాటు ఉపసంహారమును జంటగా చెప్పుట ఇందువలననే. ఎరుగనివాని చేతిలో గడ్డిపరకయు మహాపాతకమగును.

హాలియాకు సమీపముననే కృష్ణానది అడ్డుకట్ట వెనుక నిలిచిన జలాశయములో ఒక కొండ దీవియై యున్నది. నాగార్జునకొండ యని దానికి పేరు. మూడవ, నాలుగవ శతాబ్దములలో ఇక్ష్వాకు రాజుల విజయపురి దాని పాదమున వెలసి, ఒకవైపు రాజు చాంతమూలుడు అశ్వమేధము చేయగా, మరియొకవైపు ఆ వంశపు స్త్రీలు బౌద్ధచైత్యములకు దానములు చేసిరి. యుద్ధములో మరణించినవారికి ఛాయాస్తంభములు నిలిపిరి. శస్త్రమును, శాంతియు ఒకే ఊరిలో కాపురముండినవి. సంప్రదాయము ఈ చోటితో ముడివెట్టిన ఆచార్య నాగార్జునుడు ఏ వస్తువునకును తనంతట తానుగా నిలిచెడు స్వభావము లేదని వాదించెను. ప్రతిదియు కారణములచేత, సంబంధములచేత అట్లు కనబడుచున్నది. ఆ దృష్టితో చూచినచో ఉక్కునకు శౌర్యమును, పాలిమరుకు నీచత్వమును మనము అంటగట్టినవే గాని వాటిలో పుట్టినవి కావు. అట్లని ఆయుధమునకు ధర్మచింత అక్కరలేదని ఆయన చెప్పలేదు. శాతవాహన రాజును ఉద్దేశించి వ్రాసెనని చెప్పబడు రత్నావళిలో, ఘోరనేరము చేసినవారిని సైతము చంపక, హింసింపక, రాజ్యమునుండి వెడలగొట్టుమని రాజునకు ఉపదేశము కలదు. బుద్ధుడును గృహస్థులకు వలదన్న ఐదు వర్తకములలో ఆయుధముల వర్తకము నొకటిగా లెక్కించెను. ఆ నిషేధము ఏ లోహమును చూచి చెప్పినది కాదు.

ద్రవ్యమునందు ధర్మము లేనిచో ఉక్కు పిస్తోలుకును పాలిమరు పిస్తోలుకును భేదమే లేదా? ఒక భేదము కలదు, నాకది ముఖ్యముగా తోచుచున్నది. ఉక్కు తనను పట్టినవానినుండి ఒక సేవను కోరును. చెమట తగిలిన తుప్పు పట్టును గనుక దానిని విప్పి, తుడిచి, నూనె రాచి, మరల కూర్చవలెను. ఆ పని చేయుచున్నంతసేపు తన చేతిలో నున్నది ఏమిటో మనుష్యుడు జ్ఞాపకముంచుకొనక తప్పదు. రాగిచెంబు తోముటలోని అంతరార్థ మిదియే. బరువు నడుమును లాగుచు మాటిమాటికి తన ఉనికిని తెలుపును. ఇంకొకటి: 1911 పిస్తోలుకు బొటనవ్రేలితో త్రిప్పెడు సేఫ్టీ మీట ఒకటియు, పిడిని గట్టిగా పట్టిననే వదలునది మరియొకటియు కలవు. కాల్చవలెనన్న తలంపునకును కాలుటకును నడుమ కంటికి కనబడు గడప యొకటి యుండెను. గ్లాక్‌లో అట్టి మీట బయట లేదు. దాని రక్షణలు మూడింటిలో రెండు లోపల దాగినవి. మిగిలినది ట్రిగ్గరు మధ్యనే అమర్చిన చిన్న మీట, వ్రేలు ట్రిగ్గరును సరిగా నొక్కుటతోనే అదియు తొలగును. క్రిందపడినను ప్రేలకుండునట్లు చేసిన ఆ యంత్రనైపుణ్యమును నేను తక్కువ చేయను. ప్రాణాపాయవేళ మీట వెదకుకొనుచు చచ్చినవారి దృష్టితో చూచినచో అది మేలే. కాని గడప మాత్రము లోహములోనుండి లేచి, వ్రేలిలోనికి, వ్రేలినుండి మనస్సులోనికి పోయినది. మునుపు యంత్రము కొంత మోసిన బరువును ఇప్పుడు మనుష్యుడే పూర్తిగా మోయవలెను.

బెరెట్టాకు సేఫ్టీ మీట యుండెను గదా, ఆపినదా యని ఎవరైన అడుగవచ్చును. ఆపలేదు. నిశ్చయించుకొని వచ్చినవానిని ఏ మీటయు ఆపదు. మీట సహాయపడునది తడబడువానికి, కోపించినవానికి, భయపడినవానికి. లోకములో ప్రేలు తుపాకులలో అట్టివారి చేతిలోనివి తక్కువ కావు.

ఈ నల్లగొండ జిల్లా ఆయుధమును పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు. 1946 జులై 4 న, ఆనాడు ఈ జిల్లాలోనిదైన కడవెండిలో దేశముఖు మనుష్యుల కాల్పులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. వెట్టికిని, నాగులకును, భూముల లాగుకోలుకును విసిగిన ప్రజలు మొదట చేతబట్టినవి గుత్పలు, వడిసెలలు, కారపుపొడి. పిదప దొరకినవి బర్మారు తుపాకులు. మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి, ఒకసారి కాల్చిన పిదప మరల అంతయు మొదటినుండి చేయవలసిన తుపాకి యది. ఆ పోరాటములో చంపినవారిని, చచ్చినవారిని తూచుటకు నేను కూర్చుండలేదు. అన్యాయము నిజము, దానిపై లేచిన ఆగ్రహమును నిజము. నేను చూపదలచినది దాని ముగింపును. 1948 సెప్టెంబరులో నిజాము లొంగిన పిమ్మట సైతము మూడేండ్లు సాగిన ఆ పోరు 1951 అక్టోబరులో విరమింపబడెను. అదే యేడు ఏప్రిల్ 18 న, ఆనాడు ఈ జిల్లాలోనిదైన పోచంపల్లిలో, భూమి కావలెనని దళితులు వినోబాభావేను అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరములు ఇచ్చెదననెను. 1952 ఎన్నికలలో, సాయుధపోరాటమునకు పిలుపునిచ్చినవారిలో నొకరైన రావి నారాయణరెడ్డి నల్లగొండనుండి నిలిచి, జవహర్‌లాల్ నెహ్రూకంటె నెక్కువ ఓట్లు పొంది గెలిచెను. తుపాకి పట్టిన చేయి దానిని దించి ఓటుచీటి పట్టినది. వ్యక్తికే కాక, ఒక జిల్లాకు జిల్లాయే ఉపసంహారము నేర్చుట సాధ్యమనుటకు ఇంతకంటె నాకు వేరు దృష్టాంతము తెలియదు.

ఇప్పుడు ఆయుధము ఇంకను తేలికయగుచున్నది. 2013 లో అమెరికాలో ఒకడు ముద్రణయంత్రముతో ప్లాస్టిక్కు పిస్తోలును పొరలుపొరలుగా పేర్చి చేసి, దాని నమూనాను లోకమునకు వెదజల్లెను. కమ్మరి అక్కరలేదు, కొలిమి అక్కరలేదు, చెక్కిన సంఖ్యయు లేదు. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టమున్నది; 2019 సవరణతో ఒక్కొక్కరికి అనుమతించు ఆయుధములను మూడింటినుండి రెంటికి తగ్గించిరి. మంచిదే. చట్టము చేతుల సంఖ్యను తగ్గించగలదు గాని, పట్టిన చేతికి మరలించుట నేర్పజాలదు.

కనుక ఆ యువకునికి నా సమాధాన మిది: పాలిమరు పిస్తోలుకును పూజ చెల్లును, ఉక్కుదానికి చెల్లినంతయే చెల్లును. పాండవులు జమ్మిచెట్టుపై ఆయుధములను దాచి ఏడాదిపాటు ముట్టకుండిరన్నది మనము మరచితిమి. ఆ చెట్టుకు మ్రొక్కుట యనగా దించి పెట్టిన ఆయుధమునకు మ్రొక్కుటయే. దసరానాడు పూజకు నిలుచు పోలీసు పెద్దలకు నా విన్నపము: కుంకుమబొట్టు పెట్టుటకు ముందు, ఆ యేడు క్రొత్తగా కొలువులో చేరిన పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, వారిచేతనే తూటాలు తీయించి, గొట్టము ఖాళీగా నున్నదని చూపించి, అశ్వత్థామ కథను ఒకసారి చెప్పుడు.