రహస్యమూ, విద్యా స్వాతంత్ర్యమూ

1985లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం రోజలీ టుంగ్ అనే అధ్యాపకురాలికి శాశ్వతోద్యోగం నిరాకరించింది. చైనాకు సంబంధించిన పరిశోధన మీద తమకు ఆసక్తి లేదన్నది తర్వాత ఆమె చెవిన పడిన కారణం. అదొక సాకేనని, చైనా సంతతి స్త్రీ అక్కరలేదనడమే దాని అర్థమని ఆమె ఆరోపించింది. ఉద్యోగ వివక్షను విచారించే ప్రభుత్వ కమిషన్ ఆమె కాగితాలతోపాటు, ఆమె పేర్కొన్న ఐదుగురు పురుషుల కాగితాలనూ పంపమంది. సాటి పండితుల అభిప్రాయాలు బయటపెడితే విద్యా స్వాతంత్ర్యానికే ముప్పని విశ్వవిద్యాలయం అడ్డం తిరిగింది.

ఈ వాదాన్ని నేను తేలికగా కొట్టివేయలేను. అలాంటి రహస్యాభిప్రాయాలు నేనూ రాశాను. పేరు బయటికి రాదన్న ధీమాతోనే ఒక మిత్రుడి గ్రంథం పేలవంగా ఉందని నిజం రాయగలిగాను. అదే ధీమాతో మరొకరి గ్రంథాన్ని సగం కూడా చదవకుండా రెండు వాక్యాలలో తోసిపుచ్చాను. ఆయన ఏమయ్యాడో విచారించనైనా లేదు!

విద్యా స్వాతంత్ర్యం ఎవరిది? ఏం బోధించాలో సర్కారు శాసించకూడదని అధ్యాపకులు పోరాడి నిలుపుకున్న హక్కు అది. ఒక అధ్యాపకురాలిని ఎందుకు వద్దన్నారో దాచడానికి యాజమాన్యం దాన్ని అడ్డుపెట్టుకుంటే, ఆ హక్కు అధ్యాపకుల మీదికే తిరిగినట్టు.

1990లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ రహస్యానికి ప్రత్యేక రక్షణ లేదంది. వివక్ష జరిగిందో లేదో ఆ తీర్పు తేల్చలేదు. అయిదేళ్లు పట్టింది, కాగితాలు చూపించవలసిందేనని చెప్పడానికి.